ఎగవ పక్క గొట్టం

శుక్రవారం. పొద్దున పదిన్నర. తేదీ నన్ను అడగొద్దు. అప్పటికి నాకు గడియారం చూడటం కూడా రాదు. కానీ మా గుడి గంట తెలుసు. మంచి శుక్రవారం నాడు మొదటి గంట పదిన్నరకు కొడతారు. ఆ గంట మోగుతుండగానే జీపు కింద నీళ్ళు బుడబుడమని కారి, నా పాదాలు తడిపి, వాలు పట్టుకుని మా పెద్దమ్మ చింతపండు చాప దాకా పోయాయి. కాబట్టి పదిన్నరే. పదకొండు అని ఎవరైనా అంటే వాళ్ళు ఆ రోజు అక్కడ లేరని అర్థం.

ఇన్నేళ్ళకు ఇది రాయడానికి కారణం పుంగనూరులో ఒక మెకానిక్కు. పోయిన నెల మా మనవడు పుంగనూరుకు అవతలుండే వాళ్ళ ఊరి నుంచి తన పాత జీపులో టమోటా బాక్సులు వేసుకుని మదనపల్లె మార్కెట్టుకు బయలుదేరాడు. నేనూ ఎక్కాను. పుంగనూరు దాటకముందే బానెట్టు సందుల్లోంచి ఆవిరి లేచింది. తోసుకుంటూ షెడ్డుకు చేర్చాం. అక్కడి కుర్రవాడు అంగడికి ఫోను చేసి, చెవి దగ్గర ఫోను పెట్టుకునే నన్ను అడిగాడు.

"అవ్వా, కారేది అప్పర్ హోసా, లోయర్ హోసా?"

బండి పక్కన నిలబడి ఉన్నది నేనే. కళ్ళారా చూసి చెప్పాను. "ఎగవ పక్కది."

వాడు నవ్వాడు. "బండికి ఎగవ దిగవ ఉండదవ్వా. కొండకుంటాది."

టీ తాగుతున్న ఇద్దరు కూడా నవ్వారు. నేను నవ్వలేదు. ఆ ఒక్క మాట మూలాన నేను ఒక పేరు మోశాను. పెళ్ళిలో మోశాను, పిల్లల్ని కన్నాక మోశాను, నెరిసిన వెంట్రుకలతో మోశాను. ఇంక మోయను.

మా ఊరు మదనపల్లెకూ పుంగనూరుకూ నడుమ ఒక గుట్ట వాలు మీద ఉండేది. సమంగా ఉన్న నేల జానెడు దొరికేది కాదు. అందుకని మా మాటలు కూడా వాలు మీదే ఉండేవి. ఎగవ వీధి, దిగవ వీధి. భోజనాల పంక్తిలో ఎగవ పక్కకు జరుగు అనేవాళ్ళు. ఎద్దుల్లో ఎగవెద్దు, దిగవెద్దు. చాప మీద పడుకుంటే తల ఎగవకు పెట్టాలి. కుడి, ఎడమ అనేవి బడికి పోయినవాళ్ళ మాటలు. మాకు గుట్ట ఉన్న వైపు ఎగవ, కింద వాగు పారే వంక ఉన్న వైపు దిగవ. కళ్ళు మూసి తిప్పి వదిలినా ఎగవ ఏదో కాళ్ళకు తెలిసేది.

మా నాయన గుడి సంఘం జీపు తోలేవాడు. ఎప్పుడో ఒక దొరసాని తన దేశం పోతూ సంఘానికి వదిలి వెళ్ళిన బండి అది. దాని అసలు రేడియేటరు మేము పుట్టకముందే పోయింది. ఇంకేదో బండిది తెచ్చి కూర్చారు. దానికి రెండు గొట్టాలు. ఒకటి పైనుంచి, ఒకటి అడుగు నుంచి. పైది లావు, అడుగుది సన్నం. మామూలు జీపుల్లో ఎట్లా ఉంటాయో నాకు తెలియదు, మా జీపుకు అట్లా ఉండేవి. లోపల కూర్చుంటే పెట్రోలు, కాలిన రబ్బరు, పాటల పుస్తకాల అట్టలు కలిసి ఒక వాసన కొట్టేది. ఆ వాసన ఇప్పుడు ఎక్కడా లేదు. నేను వెతికాను.

ఎండాకాలం వస్తే ఊరంతా చింతపండు పులుపే. ఆడవాళ్ళు వాకిళ్ళలో కూర్చుని కాయలు కొట్టి, పిక్కలు తీసి, చాపల మీద ఆరబోసేవాళ్ళు. అవి ఈస్టరుకు ముందరి నలభై దినాలు. ఉపవాసం పెద్దవాళ్ళకు. మాకు కూడా అనేవాళ్ళు కానీ మేము వినేవాళ్ళం కాదు. నేనూ నా నేస్తురాలూ గుడి వెనక దాక్కుని చింత చిగురు ఉప్పుతో నమిలేవాళ్ళం. నాయన జీపు తెచ్చి నిలబెట్టగానే, వేడిగా ఉన్న బానెట్టు మీద పచ్చి వేరుశనక్కాయలు పరిచి, అవి వెచ్చబడేదాకా కాపలా కాసేవాళ్ళం. కాయలకు పెట్రోలు వాసన పట్టేది. అయినా తినేవాళ్ళం. మా అమ్మ మూతి వాసన చూసి కనిపెట్టేది.

"జీపు తిన్నావా ఈ పొద్దు?" అని అడిగేది.

అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. బడికి పోలేదు. మా వీధిలో ఆడపిల్లలెవరూ పోలేదు. చదువు వచ్చినవాళ్ళు ఊళ్ళో ఇద్దరే, అయ్యగారు, ఉపదేశి. అయ్యగారు కోస్తా నుంచి వచ్చిన పాదిరి, ప్రసంగం తప్ప ఎక్కువ మాట్లాడడు. అయ్యగారికి సాయంగా గుడిలో వాక్యం చదివే ఉపదేశి మా వాడే, మా మాటే, కానీ మదనపల్లెలో చదువుకుని వచ్చాక ఆ మాటంటే సిగ్గుపడేవాడు. ఊరికి వచ్చే ఉత్తరాలు ఆయనే చదివేవాడు, పోయేవి ఆయనే రాసేవాడు. ఆయన ఏం చదివితే అదే ఉత్తరం.

ఆ వారం బుధవారం నాయన కుప్పం పోయి వస్తుంటే బైరెడ్డిపల్లె దగ్గర గొట్టం చీలింది. తలగుడ్డ చించి చుట్టి, కనబడ్డ ప్రతి బావి దగ్గరా నీళ్ళు పోసుకుంటూ, గురువారం తెల్లవారాక ఊరు చేరాడు. జీపు దొర్లిపోకుండా మా వీధిలో వాలుకు అడ్డంగా నిలబెట్టి, చక్రాలకు రాళ్ళు పెట్టాడు. అలసటలో రేడియేటరు మూత ఆరకముందే తిప్పాడు. ఆవిరి కొట్టి ఎడమ అరచేయి ఉడికిపోయింది. అమ్మ వెన్న రాసి గుడ్డ కట్టింది.

అప్పుడే ఉపదేశి వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. తెల్ల పంచె, మడత నలగనివ్వడు. వెంట ఆయన బామ్మర్ది. కుప్పం నుంచి వచ్చి రెండు నెలలుగా మా ఊళ్ళోనే ఉంటున్నాడు. చొక్కా జేబులో డ్రైవింగు లైసెన్సు బయటికి కనబడేటట్టు పెట్టుకుంటాడు.

"రేపు పన్నెండుకు అయ్యగారు పుంగనూరులో ఆరాధన మొదలుపెట్టాల. పదకొండుకు బండి కదలకపోతే, పండగ అయినాక తాళాలు మా బామ్మర్దికి ఇయ్యమన్నారు," అన్నాడు ఉపదేశి.

నాయన జీపు బానెట్టు ఎత్తాడు. తర్వాత అన్నాడు, "చీటీ రాసియ్యి ఉపదేశయ్యా. పాప మదనపల్లెకు పొయ్యి గొట్టం తెస్తాది."

"ఏం రాయాల?"

"ఇదో, ఈ ఎగవ పక్క గొట్టం."

నాయన చేయి పెట్టి చూపించాడు. వాలుకు అడ్డంగా నిలబడిన జీపులో, గుట్ట వైపుకు ఉన్న గొట్టం. అడుగు నుంచి పోయే సన్న గొట్టం అది. ఉపదేశి అరుగు దిగలేదు. దిగితే పంచెకు ఆయిలు అంటుతుంది. కూర్చున్న చోటే తొడ మీద పుస్తకం పెట్టుకుని చీటీ రాసి నాకు ఇచ్చాడు.

బయలుదేరే ముందు నేను జీపు కిందికి దూరి, గొట్టం తొడిగే మూతిని చేత్తో పట్టి చూశాను. నా మూడు వేళ్ళు దగ్గరగా పెడితే ఎంతో, అంత. అక్షరాలు రావు కాబట్టి కొలత వేళ్ళలో పెట్టుకుని బస్సెక్కాను.

మదనపల్లె అంగడాయన చీటీ చదివి ఒక గొట్టం తీసి బల్ల మీద పడేశాడు. వేళ్ళు పెట్టి చూశాను.

"అన్నా, ఇది లూజవుతాది. మూడు వేళ్ళు పట్టాల. ఇది నాలుగు పడతాండాది."

"చీటీలో ఉండేది ఇచ్చినా. నీకు సదువొస్తాదా?"

"రాదు."

"మరి యాల మాట్లాడతావు?"

చీటీ మడిచి గొట్టంలోనే దోపి ఇచ్చాడు. ఇంటికి వచ్చేదాకా ఆ గొట్టంలో వేళ్ళు పెడుతూ తీస్తూ వచ్చాను. ప్రతిసారీ నాలుగే పట్టాయి.

మరునాడు ఆ శుక్రవారం. నాయన ఒంటి చేత్తో గొట్టం తొడిగాడు. తొడగడమేమిటి, దానంతటది జారింది. క్లిప్పు చివరిదాకా బిగించాడు, అమ్మ బిందెతో నీళ్ళు పోసింది. పోసినన్ని నీళ్ళూ కింద పడ్డాయి. అప్పుడే గంట కొట్టారు.

పెద్దమ్మ చాప ఎత్తుకుంటూ తిట్టింది. గంట కొట్టే తాత తాడు వదిలేసి వచ్చాడు. నా నేస్తురాలు వచ్చింది. ఉపదేశి తన సైకిలు తోసుకుంటూ, బామ్మర్దిని వెంటేసుకుని వచ్చాడు. సైకిలు వెనక క్యారియరు మీద పాటల పుస్తకాల కట్ట, దాన్ని కదలకుండా పట్టి ఉంచడానికి ఒక పాత ట్యూబు.

"ఏం గొట్టం తెచ్చినావే?" అని నాయన నన్ను అడిగాడు.

"చీటీ ఇచ్చినా నాయనా. వాళ్ళిచ్చింది తెచ్చినా. లూజవుతాదని కూడా సెప్పినా."

"యాదీ ఆ చీటీ," అన్నాడు ఉపదేశి.

ఇచ్చాను. ఆయన అద్దాలు సర్దుకుని, చీటీ విప్పి, ఆదివారం వాక్యం చదివినట్టు అందరికీ వినబడేలా చదివాడు. "జీపు రేడియేటరు ఎగవ పక్క గొట్టం ఒకటి." చదివి నాయన వైపు చూశాడు. "నువ్వు సెప్పింది సెప్పినట్టే ఉండాది. అంగట్లో ఈ పిల్ల ఇంకేందో వాగుంటాది. సదువు లేనోళ్ళని పంపిస్తే ఇంతే."

"నేను వాగలే," అన్నాను.

బామ్మర్ది నవ్వాడు. "లూజు గొట్టం కాదు బావా, పిల్లే లూజు."

మాది అరవం దగ్గరి సీమ. లూజు అంటే వదులు అని ఒక అర్థం, బుర్ర తక్కువ అని ఇంకో అర్థం. బామ్మర్ది అన్నది రెండోది. అందరూ నవ్వారు, నా నేస్తురాలు కూడా.

నేను నాయన ముఖం చూశాను. ఆయన ఒక్కడు నన్ను నమ్మితే చాలని. ఆయన కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ మెల్లగా అన్నాడు, "కాయితం అబద్ధం సెప్పదు గదా పాపా."

కొట్టి ఉంటే మరిచిపోయి ఉండేదాన్ని.

ఉపదేశి ఆ చీటీ నా చేతిలో పెట్టాడు. "ఇదో. అనుమానముంటే నువ్వే సదువుకో."

"సదువుకుంటా," అన్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపంలోనే సైకిలు క్యారియరు మీది ట్యూబు కనబడింది. కొక్కెం తీసి లాగేశాను. పాటల పుస్తకాలు తడి మట్టిలో పడ్డాయి.

"ఏయ్, అది నా ట్యూబు," అన్నాడు ఉపదేశి.

"లూజుదాన్ని గదయ్యా. నాకేం తెలుస్తాది," అన్నాను.

పెద్దమ్మ చింతకొమ్మలు కోసే కొడవలి తీసుకుని ట్యూబును అడ్డంగా కోశాను. నాలుగు వేళ్ళ వెడల్పున రెండు ముక్కలు. సబ్బు నీళ్ళలో ముంచి, జీపు కిందికి దూరి, ఒక ముక్కను రేడియేటరు మూతికి గాజు ఎక్కించినట్టు ఎక్కించాను. దాని మీద రెండోది. ఇప్పుడు మూతి లావెక్కింది. గొట్టానికి కూడా సబ్బు నీళ్ళు రాసి తిప్పుతూ తోశాను. మొదట కదల్లేదు. తిట్టుకుంటూ తోశాను, ఎక్కింది. క్లిప్పు చాలలేదు. మా దడికి కట్టిన కట్టుకంబి విప్పి, రెండు పేటలు చేసి, గొట్టం చుట్టూ వేసి, కటింగ్ ప్లేయరుతో మెలిపెట్టాను. నాయన పక్కన కూర్చుని చెప్పాడు, "సాలు. ఇంగా తిప్పితే తెగతాది." ఆ పూట ఆయన నాతో అన్న మంచి మాట అదొక్కటే.

అమ్మ మళ్ళీ నీళ్ళు పోసింది. మూడు బొట్లు కారాయి. అందరం నాలుగో బొట్టు కోసం చూశాం. అది రాలేదు. నాయన బండి స్టార్టు చేసి కొంతసేపు వేడెక్కనిచ్చాడు. రబ్బరు మెత్తబడ్డాక కంబికి ఇంకో చుట్టు బిగించాను. రెండో గంట పదకొండుకు కొట్టాలి. తాత కొట్టడం మరిచిపోయి జీపునే చూస్తున్నాడు. అయ్యగారు గుడిలోంచి వచ్చి, ఏమీ అడగకుండా ఎక్కి కూర్చున్నాడు. కట్టు కట్టిన చేత్తోనే గేరు వేసి నాయన బండి కదిలించాడు. అది పుంగనూరు పోయింది, తిరిగి వచ్చింది. ఆ గొట్టం ఆ కట్టుతోనే రెండేళ్ళు నడిచింది. తాళాలు నాయన దగ్గరే ఉన్నాయి.

సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలు చెప్పుకునే రోజు అది. మా వీధిలో ఒక్క మాట దగ్గర నా పేరు పోయింది. మూడు గంటలకు ఉపవాసం విడిచి అందరూ సంగటి, ఊరిబిండి పచ్చడి తింటుంటే, వడ్డించే ఆవిడ నన్ను పిలిచింది. "లూజూ, ఎగవ పక్కకు జరుగు." అంతే. పేరు కుదిరిపోయింది. బండి బాగుచేసింది ఎవరికీ గుర్తు లేదు, తప్పు తెచ్చింది మాత్రం గుర్తుంది. అత్తగారింటికి పోతే నాకంటే ముందు ఆ పేరు పోయి కూర్చుంది. నాయన చనిపోయే ముందు సంవత్సరం కూడా, దేనికో నవ్వుతూ, "నువ్వు గొట్టం మార్చి తెచ్చినట్ల" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అదే బాధ.

చీటీ మాత్రం పారేయలేదు. అమ్మ బిస్కెట్టు డబ్బాలో పెట్టుకున్నాను. అప్పుడప్పుడూ తీసి చూసేదాన్ని. చదవడానికి కాదు, ముగ్గు చూసినట్టు చూడటానికి. ఏ గీత ఎక్కడ వంగుతుందో కంఠతా వచ్చింది.

నా నలభై రెండో ఏట మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో ఆయాగా కుదిరాను. అక్కడొక పెద్ద నర్సమ్మ. సీసాలు మార్చి ఇస్తే ప్రాణం పోతుందని, ఆయాలందరికీ సీసాల మీది చీటీలతోనే అక్షరాలు నేర్పింది. నాకు అ ఆ లు మొదట రాలేదు. మొదట వచ్చింది పుండ్ల మందు సీసా. దాని మీద ఆమె తన చేత్తో రాసి అంటించింది: పై పూతకు మాత్రమే.

"ఈ మొదటిదేందమ్మా?" అని అడిగాను.

"పై. పై అంటే పైన. లోపలికి తాగకూడదని."

ఆ అక్షరం నాకు తెలుసు. ఎన్నో ఏళ్ళుగా తెలుసు. పేరు మాత్రమే తెలియదు.

తక్కిన అక్షరాలు కూడా వచ్చేదాకా ఆగి, ఇంటికి పోయి డబ్బా తీశాను. జీపు రేడియేటరు అన్నవి కూడబలుక్కోవడానికి చాలా సేపు పట్టింది. ఆ తర్వాతది మాత్రం చూడగానే వచ్చింది. పై. పై గొట్టం ఒకటి. ఎ కోసం వెతికాను. లేదు. గ తర్వాత వ కోసం వెతికాను. లేదు. చీటీ తిప్పి వెనక కూడా చూశాను. నాయన ఎగవ పక్క అన్నాడు, ఉపదేశి పై అని రాశాడు, ఎనిమిది మంది ఉన్న చోట మళ్ళీ ఎగవ పక్క అని చదివాడు. కాగితం అబద్ధం చెప్పలేదు. చదివినవాడు చెప్పాడు.

ఉపదేశి అప్పటికి కుప్పంలో కూతురి ఇంట్లో ఉన్నాడు. సెలవు పెట్టి బస్సెక్కి పోయాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. పంచె అప్పటికీ తెల్లగానే ఉంది. చీటీ చేతిలో పెట్టాను.

"సదువయ్యా."

"కండ్లు కనపడవమ్మా ఇప్పుడు."

"అయితే నేను సదువుతా. ఇను." చదివాను. తడబడకుండా చదివాను. బస్సులో వచ్చేటప్పుడంతా అదే చదువుకుంటూ వచ్చాను మరి.

కూతురు కాఫీ తెచ్చి పెట్టింది, ఆరిపోయింది.

"ఎగవ అని రాస్తే అంగడోడు నవ్వుతాడనుకున్నా," అన్నాడు చివరికి. "మంచి తెలుగులో రాద్దామని పై అని మార్చినా. ఎగవంటే పైనే గదా అనుకున్నా. జీపు దగ్గరికొచ్చి సూసింటే తెలిసుండు."

"అది నాకు తెలుసు. రాసిన తప్పు కాదు నేనడిగేది. సదివిన తప్పు. ఆ పొద్దు యాల అట్ల సదివినావు?"

"అంత మంది ఉండిరి గదమ్మా. అంత మంది ముందర తప్పు రాసినానని యెట్ల సెప్పేది?" మళ్ళీ, "నన్ను క్షమించినానని సెప్పమ్మా," అన్నాడు.

"మా నాయనను అడగాల అది. ఆయన లేడు."

లేచాను. గడప దగ్గర ఉండగా వెనకనుంచి అన్నాడు, "నా ట్యూబు కూడా నువ్వు తిరిగియ్యలే."

అప్పుడు నవ్వాను. నవ్వానని క్షమించినట్టు కాదు.

పుంగనూరు షెడ్డుకు అంగడి నుంచి గొట్టం వచ్చింది. కుర్రవాడు తొడిగాడు, జారింది. వాడు మళ్ళీ ఫోను తీశాడు. ఫోను లోపల పెట్టి ఒక పాత సైకిలు ట్యూబు తెమ్మన్నాను. ఎక్కడ కోయాలో చూపించాను. నీళ్ళు పోశాక వాడు కింద వంగి బొట్లు లెక్కపెట్టాడు.

"యాడ నేర్సుకున్నావవ్వా ఇది?"

"కొండ మీద," అన్నాను.

అంత మంది ముందర చెప్పలేనన్నాడు ఉపదేశి. ఆ అంత మందినీ ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువమంది ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళు చదువుకోవచ్చు, చదువు రానివాళ్ళకు ఎవరైనా చదివి వినిపించవచ్చు. ఉన్నది ఉన్నట్టు చదవండి, అంతే.

జీపు తోలిన మా నాయన దేవదానం. నీళ్ళు పోసిన మా అమ్మ రాహేలమ్మ. గంట కొట్టే తాత ఏసన్న. చింతపండు చాప తడిసిన మా పెద్దమ్మ సంతోషమ్మ. నవ్విన నా నేస్తురాలు మార్తక్క. లైసెన్సు జేబులో పెట్టుకున్న బామ్మర్ది సామేలప్ప. చీటీ రాసి, ఇంకోలా చదివిన ఉపదేశి యోబయ్య. ఏడుగురయ్యారు.

ఎనిమిదో మనిషిని నేను. గొట్టం తెచ్చింది నేను, తొడిగింది నేను. చీటీ నా దగ్గరే ఉంది. ఇప్పుడు దాన్ని చదవడానికి నాకు ఎవరూ అక్కర్లేదు.